పెట్టెలోని మరమనిషి

మా ఫిజిక్సు లాబులో కిటికీ పక్క బీరువా అడుగు అరలో ఒక అట్టపెట్టె ఉండేది. మూత మీద రెండు చక్రాల చిన్న బండి బొమ్మ. బి.ఎస్‌సి. మొదటి సంవత్సరంలో చేరిన రోజు నుంచీ దాన్ని బీరువా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. దానికి వేసిన టేపు ఊడలేదు. తెరిస్తే ఏ ముక్క విరుగుతుందో, స్టాకు రిజిస్టరులో అది ఎవరి తలకు చుట్టుకుంటుందో అని అందరికీ జంకు. మా సీనియర్లు దాన్ని అలా చూస్తూనే డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయారు.

కిందటి వానాకాలంలో మా లెక్చరరు గారు ఆ పెట్టె తీసి మా ముగ్గురు స్నేహితుల చేతుల్లో పెట్టారు. "ఫిబ్రవరి 28 సైన్సు దినానికి ఇది నడవాలి. ఊళ్ళో హైస్కూలు పిల్లలు చూడటానికి వస్తారు. పాడైతే నేను చూసుకుంటాను. పెట్టెలో ఉండి పాడవడం కన్నా అది నయమే కదా!" అన్నారు.

ఆ తరువాతి ఆరేడు నెలల్లో మేము చేసిన తప్పులు, వాటివల్ల నేర్చుకున్న ఫిజిక్సు ఈ వ్యాసంలో రాస్తున్నాను. ఇందులో పెద్ద విజయాలేమీ లేవు. కాని మా తరువాత ఆ పెట్టె పట్టుకోబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికివస్తుందని నమ్మకం.

మరమనిషి అంటే ఏమిటి?

"రోబో" అనే మాట పుట్టి నూరేళ్ళు దాటింది. చెకొస్లొవేకియా రచయిత కారెల్‌ చాపెక్‌ 1920లో ప్రచురించిన ఒక నాటకంలో ఆ మాట మొదట వచ్చింది. ఆ మాటను తనకు అందించింది తన అన్న యోసెఫ్‌ అని చాపెక్కే చెప్పుకున్నాడు. చెక్‌ భాషలో "రోబోత" అంటే దొరకు ఊరికే చేసిపెట్టవలసిన చాకిరీ. మన భాషలో దానికి సరిగ్గా సరిపడే మాట "వెట్టి". మన తాతల కాలానికి బాగా తెలిసిన మాటే.

అయితే ఆ నాటకంలోని రోబోలు మనిషి ఆకారంలో ఉంటాయి. మన పెట్టెలోని దానికి పెద్దలు వేరే ఉన్నారు. 1948-49 ప్రాంతాల్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్‌ అనే మెదడు శాస్త్రవేత్త తాబేళ్ళవంటి రెండు యంత్రాలు చేశాడు. వాటికి ఎల్మర్‌, ఎల్సీ అని పేర్లు. ఒక్కొక్క దానిలో రెండే రెండు రేడియో వాల్వులు. అయినా అవి వెలుతురును వెతుక్కుంటూ పోయేవి, అడ్డం తగిలితే తప్పుకునేవి. ఆ తరువాత అమెరికాలో సీమోర్‌ పాపర్ట్‌, ఆయన తోటివారు 1967లో "లోగో" అనే కంప్యూటరు భాష తయారుచేసి, దానితో నడిచే తాబేలును పిల్లల ముందు పెట్టారు. పిల్లవాడు యంత్రానికి పాఠం చెబుతూ తానే పాఠం నేర్చుకుంటాడని పాపర్ట్‌ నమ్మకం. మనలాంటి విద్యార్థుల చేతికి వచ్చిన చవక బోర్డుల్లో ముఖ్యమైన "ఆర్డుయినో" 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో మొదలైంది.

ఎంత చిన్న రోబోకైనా మూడు పనులు ఉండాలి. ఒకటి, చుట్టుపక్కల ఏముందో తెలుసుకోవడం. రెండు, దాన్నిబట్టి ఏం చేయాలో తేల్చుకోవడం. మూడు, చేయడం. మొదటిది లేకపోతే అది తాళం చెవి బొమ్మ. మూడోది లేకపోతే అది ఉత్త కొలమానం.

పెట్టెలో ఏముంది?

పెట్టె తెరిచి, తెల్ల పంచె పరిచి, ముక్కలన్నీ దాని మీద పెట్టి లెక్కరాసుకున్నాం. ఇది మొదటి సలహా: విడిభాగాలు లెక్కపెట్టకుండా ఒక్క మర కూడా బిగించవద్దు.

అడుగు పలక ఒకటి. గేరు పెట్టెలతో కూడిన పసుపుపచ్చ మోటార్లు రెండు. 65 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల చక్రాలు రెండు. ఎటైనా తిరిగే చిన్న ముందు చక్రం ఒకటి. ఆర్డుయినో ఊనో బోర్డు ఒకటి. ఎల్‌ 298 ఎన్‌ అనే మోటారు డ్రైవరు ఒకటి. బ్యాటరీ గూడు, స్విచ్చి, తీగలు, మరలు. వేరే సంచిలో అదనపు సామాను: ధ్వనితో దూరం కొలిచే కన్ను, మెడలా తిరిగే చిన్న సర్వో మోటారు, నేల మీది గీతను చూసే పరికరాలు రెండు.

మోటారులో గేర్ల నిష్పత్తి 1:48. అంటే లోపలి మోటారు 48 చుట్లు తిరిగితే బయటి ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం ఎంత తగ్గిందో, తిప్పే బలం ఇంచుమించు అంత పెరుగుతుంది (రాపిడికి పోయింది పోగా). 6 వోల్టుల దగ్గర, బరువు లేకుండా, చక్రం నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 65 × 3.14, అంటే ఇంచుమించు 20.4 సెంటీమీటర్లు. కాబట్టి సెకనుకు 68 సెంటీమీటర్ల వేగం రావాలి. బండి బరువు పడ్డాక మాకు అంత రాలేదు, రాదు కూడా. కాని ముందే లెక్క వేసుకుంటే, వచ్చినదానికీ రావలసినదానికీ తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తేడాలోనే పాఠం ఉంది.

కూర్పు

అడుగు పలకకు రెండువైపులా రక్షణ కాగితం అంటించి ఉంటుంది. అది ఒలవకుండా బిగిస్తే మరలు వదులవుతాయి. మోటార్లకు తీగలు టంకం వేయడం వాటిని పలకకు బిగించక ముందే చేయాలి. మేము బిగించాక చేయబోయి, వేడి టంకంకడ్డీ తగిలి పలక అంచు ఒకచోట కరిగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మోటారు రేకులు మహా పలుచన. తీగ లాగితే ఊడివస్తాయి. టంకం వేశాక తీగను మోటారు ఒంటికి టేపుతో చుడితే లాగుడు రేకు మీద పడదు.

మరలు ఒక్కసారిగా బిగించకూడదు. అన్నీ వదులుగా ఎక్కించి, సరిచూసుకుని, ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. బ్యాటరీ బరువు వెనక చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉండాలి. మొదట మేము దాన్ని ముందు పెట్టాం. చక్రాలకు నేల మీద పట్టు చాలక అవి జారుతూ తిరిగాయి.

రెండు మోటార్లకూ తీగలు ఒకే విధంగా కలిపి మీట నొక్కితే బండి ముందుకు పోలేదు. ఉన్నచోటే బొంగరంలా తిరిగింది. ఆలోచిస్తే కారణం తేలికే. రెండు మోటార్లూ ఒకే అచ్చువి. బండికి అటొకటి ఇటొకటి ఎదురుబొదురుగా బిగించాం. ఒకే దిక్కున తిరిగితే ఒక చక్రం ముందుకు, రెండోది వెనక్కి పోతుంది. ఒక మోటారు తీగలు తారుమారు చేస్తే సరి.

ఈ బండికి స్టీరింగు లేదు. మలుపు ఎలా? మా ఇంట్లో ఎడ్లబండి తోలినవాళ్ళెవరికీ ఇది చెప్పనక్కరలేదు. దాపటి ఎద్దును ఆపి వలపటిదాన్ని అదిలిస్తే బండి ఎడమకు తిరుగుతుంది. ఇక్కడా అంతే. ఎడమ చక్రం ఆపి కుడి చక్రం నడిపితే ఎడమ మలుపు. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ నడిపితే ఉన్నచోటే తిరుగుడు.

వేగం తగ్గించడానికి బోర్డు వోల్టేజిని నిజంగా తగ్గించదు. సెకనుకు కొన్ని వందల సార్లు కరెంటు పూర్తిగా ఇచ్చి, పూర్తిగా ఆపుతుంది. ఇచ్చిన సమయం ఎక్కువైతే వేగం ఎక్కువ. మా ఊరి కాలవ నీళ్ళు వంతుల మీద వస్తాయి. తూము సగం తెరవరు. పూర్తిగా తెరుస్తారు, పూర్తిగా మూస్తారు, గంటల్లో లెక్క. ఈ వంతును ప్రోగ్రాములో 0 నుంచి 255 వరకు అంకెగా రాస్తాం. మా బండి 80 లోపు అంకెకు కదలనే లేదు. నిలకడగా ఉన్నదాన్ని కదిలించడానికి కావలసిన బలం, కదిలేదాన్ని నడపడానికి కావలసిన బలం కంటే ఎక్కువ. స్థితిక ఘర్షణ అని ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టింది ఇదే!

కరెంటు దగ్గర వచ్చిన చిక్కు

కూర్పు అయింది. కంప్యూటరు నుంచి తీగ ద్వారా ప్రోగ్రాము ఎక్కించి, తీగ ఊడదీసి, చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ పెట్టాం. బోర్డు మీది దీపం వెలిగింది. చక్రాలు ఒక్క తృటి కదిలాయి. దీపం ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ చక్రాలు ఉలిక్కిపడ్డాయి. రాత్రి పది దాకా ఇదే వరస. బోర్డు చెడిపోయిందని నిర్ణయించుకుని హాస్టలుకు వెళ్ళాం. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నిద్రపట్టని ఆ రాత్రే మా మోటారు షెడ్డు గుర్తుకువచ్చింది. కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే షెడ్డులో బల్బు గుడ్డిదీపమైపోతుంది. మోటారు బయలుదేరేటప్పుడు లాగే కరెంటు, అది వేగం అందుకున్నాక లాగేదానికి ఎన్నో రెట్లు. తిరిగే మోటారు తనలో తానే ఒక ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. అదే కరెంటును అదుపులో ఉంచుతుంది. నిలిచి ఉన్నప్పుడు ఆ ఎదురు వోల్టేజి సున్న. మా చిన్న మోటారుకూ ఇదే సూత్రం. ఊరికే తిరిగేటప్పుడు ఒక ఆంపియరులో ఐదోవంతు కూడా తీసుకోదు. బయలుదేరేటప్పుడు, ఇరుక్కున్నప్పుడు ఒక ఆంపియరు దరిదాపుకు పోతుంది. ఆ చదరపు బ్యాటరీ అంతర్నిరోధం ఎక్కువ. అంత కరెంటు లాగగానే దాని వోల్టేజి కూలిపోతుంది. వోల్టేజి ఒక హద్దు దిగితే బోర్డు మీది చిప్పు తనను తాను మళ్ళీ మొదటికి తెచ్చుకుంటుంది. అప్పుడు మోటారు ఆగి, బ్యాటరీ తేరుకుని, చిప్పు మేలుకుని, మళ్ళీ మోటారు వేస్తుంది. దీపం ఆరి వెలగడం ఇదే. బోర్డు చెడలేదు, ఆకలితో ఉంది.

తెల్లవారి మల్టీమీటరు పెట్టి చూశాం. మోటారు బయలుదేరే క్షణాన ముల్లు సగానికి పైగా పడింది. అనుమానం రుజువైంది. తరువాత రెండు లిథియం సెల్లులు వరసగా పెట్టాం. ఒక్కొక్కటి 3.7, రెండూ కలిపి 7.4 వోల్టులు. ఇందులో ఎల్‌ 298 ఎన్‌ డ్రైవరు సుమారు 2 వోల్టులు తానే మింగి వేడిగా వదిలేస్తుంది. మిగిలినది మోటారుకు సరిపోతుంది. నాలుగు మామూలు సెల్లుల 6 వోల్టులతో బండి ఎందుకు నీరసంగా నడుస్తుందో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

ఇంకో మాట. మోటార్లకు వేరే బ్యాటరీ, బోర్డుకు వేరే బ్యాటరీ పెట్టినా, రెంటి రుణ కొనలు తప్పకుండా కలపాలి. రెండు చేలలో నీటిమట్టం పోల్చాలంటే ఒకే గట్టు నుంచి కొలవాలి కదా! బోర్డు పంపే 5 వోల్టులు ఎక్కడినుంచి 5 అన్నది డ్రైవరుకు తెలియాలి.

ఈ ఉత్సాహంలో ఒక సాయంత్రం నేను బ్యాటరీ తీగలు తలకిందులుగా కలిపాను. ఎరుపు, నలుపు చూడలేదు. డ్రైవరు నుంచి సన్నగా పొగ లేచింది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. అందరం ఇన్నాళ్ళూ భయపడింది దీనికే. మర్నాడు సారు గారి దగ్గరకు వెళ్ళి, నావల్లే పోయింది, డబ్బు నేను కట్టుకుంటానన్నాను. ఆయన ఏమీ అనకుండా స్టాకు రిజిస్టరు తీసి, "వాడకంలో పోయినది" అని రాసి సంతకం పెట్టారు. "తీగ మీద ఎర్ర టేపు చుట్టు. మళ్ళీ ఇదే తప్పు చేస్తే మాత్రం నీ డబ్బు" అన్నారు. కొత్త డ్రైవరు రెండు వందల రూపాయల లోపే వచ్చింది. మూడేళ్ళు ఒక పెట్టెను బీరువాలో బంధించిన భయం ఖరీదు అంతే!

మొదటి అదనం: కన్ను

బండి నడిచాక కన్ను పెట్టాం. ఇది నిజానికి చెవి. బోర్డు దానికి 10 మైక్రోసెకన్ల సంకేతం ఇస్తే, అది 40 కిలోహెర్ట్జుల ధ్వనిని ఎనిమిది తరంగాలుగా వదులుతుంది. మన చెవికి అది వినపడదు. ఎదురుగా గోడ ఉంటే ప్రతిధ్వని వస్తుంది. పోయి వచ్చిన సమయం మనకు తెలిస్తే దూరం తెలుస్తుంది. గబ్బిలం చేసే పనే.

20 డిగ్రీల ఉష్ణోగ్రతలో గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. గోడ 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 40 సెంటీమీటర్లు. దీనికి పట్టే సమయం సుమారు 1166 మైక్రోసెకన్లు. పోనూ రానూ అన్న సంగతి మరిచిపోయి రెండుతో భాగించకపోతే, బండి గోడను రెట్టింపు దూరంలో ఉందనుకుని దూసుకుపోతుంది. మాది అలాగే పోయి గోడకు కొట్టుకుంది.

మన ప్రాంతపు ఎండలకు ఇంకో లెక్క ఉంది. 40 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సుమారు 355 మీటర్లు. ప్రోగ్రాములో 343 అనే రాస్తే, నిజంగా మీటరు దూరంలో ఉన్న గోడ 96న్నర సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు కనబడుతుంది. బొమ్మబండికి ఈ తేడా లెక్కలోది కాదు. కాని ఏదైనా కొలిచే పరికరం చేసేవాడు ఈ మూడున్నర శాతాన్ని వదిలేయకూడదు.

ఈ కన్నుకు కనబడనివి ఉన్నాయి. వాలుగా ఉన్న అట్ట ధ్వనిని పక్కకు తోసేస్తుంది. దుప్పటి, పత్తి ధ్వనిని పీల్చేస్తాయి. హాస్టల్లో ఆరవేసిన దుప్పటిని మా బండి ఎన్నడూ చూడలేదు.

రెండో అదనం: మెడ

కన్ను ముందుకే చూస్తుంది. అడ్డం వచ్చినప్పుడు ఎడమ ఖాళీయో కుడి ఖాళీయో తెలియాలి. అందుకు కన్నును సర్వో మోటారు మీద ఎక్కించాం. సర్వో 9 గ్రాముల బరువుంటుంది. అది సుమారు 180 డిగ్రీల లోపు చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలుస్తుంది. సెకనుకు 50 సార్లు ఒక సంకేతం పంపాలి. ఆ సంకేతం నిడివి ఇంచుమించు ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్లు. ఆ నిడివినిబట్టి కోణం.

మెడ చక్కగా తిరిగింది. కాని అంతవరకు బాగా నడిచిన బండిలో ఎడమ చక్రం ఆగిపోయింది! తీగలు చూశాం. మోటారు మార్చాం. డ్రైవరు మళ్ళీ కాలిందేమోనని వాసన చూశాం. రెండు వారాలు పోయాయి. జనవరి వచ్చేసింది. మా ముగ్గురిలో ఒకడు, మెడ తీసేసి పాత బండినే చూపిద్దామన్నాడు.

సారు గారు ఒక్క మాట చెప్పారు: "ఊహించకండి. ఒక్కొక్కటి మార్చి చూసి, ఏం జరిగిందో కాగితం మీద పెట్టండి." పెట్టాం. ప్రోగ్రాములో సర్వో వరసలు తీసేస్తే ఎడమ చక్రం తిరుగుతోంది. పెడితే ఆగుతోంది. అంటే తీగల తప్పు కాదు. తరువాత వేగం అంకె మార్చి చూశాం. 100కు తిరగదు. 180కి తిరగదు. 254కు కూడా తిరగదు. 255కు మాత్రం పూర్తి వేగంతో తిరుగుతుంది! ఆ వింత చూశాక అసలు సంగతి పట్టుబడింది.

ఊనో బోర్డు మీది చిప్పులో మూడు గడియారాలు ఉంటాయి. వంతులు వేసి కరెంటు పంపే కాళ్ళు ఆరు. ఒక్కొక్క గడియారం రెండు కాళ్ళకు వంతులు లెక్కిస్తుంది. సర్వోను నడిపే సిద్ధ ప్రోగ్రాము వీటిలో ఒక గడియారాన్ని తన పనికి లాక్కుంటుంది. అది 9, 10 కాళ్ళ గడియారం. మా ఎడమ మోటారు వేగం తీగ 10వ కాలికి ఉంది! ఇక దానికి వంతులు వేసేవాడు లేడు. 255 అంటే వంతు అక్కరలేదు, ఎడతెగకుండా కరెంటు ఇవ్వడమే. అందుకు గడియారం పని లేదు కనుక అది ఒక్కటే పనిచేసింది. తీగను 10 నుంచి 6వ కాలికి మార్చి, ప్రోగ్రాములో ఒక్క అంకె దిద్దాం. కుడి మోటారుది ముందే 5వ కాలికి ఉంది. బండి నడిచింది.

రెండు వారాల చిక్కు ఒక్క తీగతో తీరింది. కాని నాకు ఆ తీగ కంటే ఆ కాగితం విలువైనది. అదనపు సామాను పెట్టేటప్పుడు కొత్తది పనిచేస్తోందా అని మాత్రమే చూస్తాం. పాతది ఇంకా పనిచేస్తోందా అని కూడా చూడాలి. ఇంటికి కొత్త మనిషి వస్తే పాతవాళ్ళ మంచం ఎవరిదో ఒకటి పోతుంది కదా!

మూడో అదనం: గీత చూసే కళ్ళు

సైన్సు దినానికి మేము ఎంచుకున్న ప్రదర్శన ఇది. తెల్ల అట్ట మీద నల్ల టేపుతో దారి వేస్తే బండి దాని వెంట నడవాలి. బండి కింద టేపుకు అటొకటి ఇటొకటి పరికరాలు ఉంటాయి. ఒక్కొక్కటి కంటికి కనబడని పరారుణ కాంతిని నేల మీదికి వదిలి, తిరిగి వచ్చినదాన్ని చూస్తుంది. తెలుపు తిప్పి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. రెంటికీ తెలుపు కనబడితే నేరుగా పోవాలి. ఎడమదానికి నలుపు కనబడితే బండి కుడికి జరిగిందన్నమాట. ఎడమ చక్రం నెమ్మదింపచేసి ఎడమకు రావాలి. కుడిదానికైతే దీనికి తారుమారు. లాబులో ఇరవైసార్లు నడిపాం, ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు మా బల్ల లాబులో కాక వరండాలో వేశారు. పది గంటలవేళ హైస్కూలు పిల్లలు నలభై మంది చుట్టూ మూగారు. మీట నొక్కాను. బండి రెండు మలుపులు చక్కగా తిరిగి, మూడో మలుపు దగ్గర గీత వదిలి నేరుగా పోయి బల్ల అంచు దాటబోయింది. చేత్తో పట్టుకున్నాను. మళ్ళీ వదిలాను. మళ్ళీ అక్కడే. పిల్లలు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. మా వాడు స్క్రూడ్రైవరుతో పరికరం తిప్పబోయాడు.

ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయి, "అన్నా, అక్కడ ఎండ పడుతోంది" అంది. చూస్తే మూడో మలుపు మీద కిటికీ చువ్వల మధ్యనుంచి పలకంత ఎండ. ఆ అమ్మాయి తన నోటుపుస్తకం అడ్డం పెట్టి నీడ చేసింది. బండి మలుపు తిరిగి, దారి పూర్తిచేసి వచ్చింది.

భూమికి చేరే సూర్యుని శక్తిలో దాదాపు సగం పరారుణమే. ఆ వెలుగులో మా పరికరానికి నలుపూ తెలుపూ ఒకటే అయిపోయాయి. ఇది నాకు పుస్తకంలో తెలుసు. పరీక్షలో రాశాను కూడా. వరండాలో గుర్తుకురాలేదు. ఆ అమ్మాయికి పరారుణం పేరు తెలియకపోవచ్చు. కాని ఆమె బండిని చూసింది, నేను జనాన్ని చూశాను. తరువాత పరికరాల చుట్టూ నల్ల కాగితంతో చిన్న గొడుగు కట్టాం.

చేనులో

ఉగాది సెలవులకు, సారు గారి అనుమతితో, బండిని మా ఊరు తీసుకువెళ్ళాను. దానికి మట్టిలో తడి చూసే రెండు కాళ్ళ ముల్లు కట్టాను. తడి మట్టిలో కరెంటు తేలికగా పోతుంది, పొడి మట్టిలో పోదు. బోర్డు దాన్ని 0 నుంచి 1023 వరకు అంకెగా చదువుతుంది. ఈ ముల్లును ఎప్పుడూ కరెంటులో ఉంచకూడదు. విద్యుద్విశ్లేషణ వల్ల ఒక కాలు తినేస్తుంది. హాస్టలు కుండీలో పెట్టిన మొదటి ముల్లు కొద్ది వారాల్లోనే అలా పోయింది. చదివేటప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చి వెంటనే ఆపాలి. లేదా కెపాసిటర్‌ పద్ధతిలో పనిచేసే రకం వాడాలి. దాని లోహం మట్టికి తగలదు.

మిరప చేలో సాలు మధ్య బండిని వదిలాను. రెండడుగులు పోయి మట్టిపెళ్ళకు తగులుకుని ఆగిపోయింది. నాన్న వంగి చూశాడు. "దీని చక్రం ఎంత, పెళ్ళ ఎంత? బండి చక్రం అంత ఎత్తు ఊరికే పెట్టారా?" అన్నాడు. నిజమే. చక్రం సగం ఎత్తును మించిన గడ్డను అది నేరుగా ఎక్కలేదు. మాది మూడు సెంటీమీటర్ల చిల్లర. ముల్లును చేత్తో గుచ్చి అంకె చూపించాను. "పైన తడి చెబుతోంది. వేరు దగ్గర సంగతి?" అన్నాడు. ముల్లు పొడవు వేలెడే. నా దగ్గర జవాబు లేదు.

2023 ఆగస్టు 23న చంద్రుని మీద దిగిన చంద్రయాన్‌-3లోని ప్రజ్ఞాన్‌ బండి బరువు 26 కిలోలు. దానికి ఆరు చక్రాలు. ఒక చక్రం రాయి ఎక్కినా మిగిలినవి నేలను వదలకుండా ఉండే కీళ్ళ అమరిక దాని కింద ఉంది. అది వంద మీటర్ల పైచిలుకు నడిచింది. వంద మీటర్లేనా అని అప్పట్లో మా హాస్టల్లో అనుకున్నాం. రెండడుగుల దగ్గర ఆగిన బండిని చేతిలో పట్టుకుని నిలబడ్డాక ఆ వంద మీటర్ల విలువ తెలిసింది.

చివరి మాట

ఇప్పుడు ఆ పెట్టె అడుగు అరలో లేదు. లాబులో బల్ల మీద ఉంది. అందులో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఏది ఏ కాలికి కలపాలో, ఏది ఎందుకు కాలిందో, ఏ తేదీన ఏం పనిచేయలేదో అందులో రాశాం. పనిచేసిన సంగతులకు ఒక పేజీ పట్టింది. పనిచేయనివి పదకొండు పేజీలు.

తరువాత వచ్చేవాళ్ళకు మనవి. బండిని పూర్తిగా విప్పి మళ్ళీ మొదటినుంచి కూర్చండి. మేము కూర్చిన దాన్ని నడిపితే మీకు వచ్చేది ఏమీ లేదు. ఒక్కొక్క అదనం పెట్టి, పాతదాన్ని మళ్ళీ పరీక్షించి, తరువాతిది పెట్టండి. ఎర్ర టేపు ఉన్న తీగ ధన కొన. పెద్ద చక్రాలూ, పొడుగు ముల్లూ ఎలా అమర్చాలో మేము తేల్చలేదు. నాన్న ప్రశ్న పన్నెండో పేజీలో రాసి పెట్టాను. దాని కింద చోటు వదిలాను.